చెలియలికట్ట: మంగినపూడి తీరము కథ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



తెలుగు కవులు సముద్రమును వర్ణించునప్పుడు విడువక వాడెడి మాట యొకటి కలదు. అది చెలియలికట్ట. సముద్రుడెంత పొంగినను ఆ కట్టను దాటి రాడనియు, అది అతని మర్యాద యనియు పెద్దలు చెప్పుదురు. రాజు ధర్మము తప్పినచో సముద్రుడు చెలియలికట్ట దాటినట్లని పోల్చుట కలదు. అనగా జరుగరానిది జరిగినదని తాత్పర్యము. ఈ జిల్లా తీరమున అట్లు జరుగరానిది ఒకటికి రెండుమార్లు జరిగినది. అయినను ప్రతి సంవత్సరమును కార్తీక మాఘమాసములందు వేలకొలది జనులు అదే కట్టను దాటి సముద్రస్నానమునకు దిగుచున్నారు. సముద్రము జనులయొద్దకు వచ్చుటయు, జనులు సముద్రమునొద్దకు పోవుటయు ఒకే తీరమున జరుగుచున్నవి. విచారించి చూచినచో ఆ రెంటికిని కారణము కూడ ఒక్కటియే. ఆ తీరము మంగినపూడి. ఆ కారణమేమో తెలిసికొనుటయే నేటి ప్రసంగ విషయము.

ప్రపంచమున విహారమునకు పేరుపడిన పల్లెలు పెక్కు కలవు. ఐరోపాఖండమున మంచుకొండల నడుమనున్న పల్లెలు కొన్ని చలికాలమునకే ప్రసిద్ధి. కాళ్ళకు పొడవైన పలకలు కట్టుకొని మంచుమీద జారెడి క్రీడలకై దేశదేశముల వారు అచటికి పోవుదురు. కృష్ణా డెల్టాలో కొండయు లేదు, మంచును లేదు. కాని చలికాలమున జనులు గుమిగూడెడి పల్లె యిచటను ఉన్నది. అది కొండమీద గాక కడలియొడ్డున ఉన్నది. అంతియే భేదము.

భూమి పుట్టుక

మంగినపూడి మచిలీపట్నమునకు సుమారు 11 కిలోమీటర్ల దూరమున నున్నది. తక్కిన సముద్రతీరములందు కాలిక్రింద ఇసుక పఱచుకొని యుండగా ఇచట నల్లని ఒండుమన్ను కనబడును. క్రొత్తవారు చూచి ఆశ్చర్యపడుదురు. రైతునకు మాత్రము ఆశ్చర్యము లేదు. ఆ మన్ను కృష్ణ తెచ్చినది. సహ్యాద్రిలో మహాబలేశ్వరము చెంత పుట్టిన ఆ నది నల్లరేగడి భూములను కడుగుచు సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించును. విజయవాడ దిగువకు వచ్చుసరికి వాలు తగ్గి వేగము మందగించును. అప్పుడు మోసికొని వచ్చిన బరువును క్రమముగా దింపివేయును. పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి, నడుమ దివిసీమను నిలిపి, సముద్రమున కలియును. గుడివాడ వరిచేను, దివిసీమ మాగాణి, మంగినపూడి ఒడ్డు అను మూడును ఒక తల్లి బిడ్డలే.

ఈ భూమి యంతయు మొదటినుండి ఉన్నది కాదు. ఘంటసాల గ్రామము నేడు సముద్రమునకు దూరముగా పొలముల నడుమ నున్నది. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో టాలెమీ యను భూగోళవేత్త ఈ ప్రాంతమును మైసోలియా యని పేర్కొని, అందు కంటకొస్సీల యను వర్తకస్థానము కలదని వ్రాసెను. ఆ స్థానమే ఘంటసాల యని చరిత్రకారులు గుర్తించిరి. అచట బౌద్ధస్తూపము యొక్క శిథిలములు బయల్పడినవి. ఓడవర్తకము సాగిన చోటికి చుట్టును నేడు నాగలి సాగుచున్నది. నది మన్ను దింపుచు పోగా సముద్రము వెనుకకు జరిగెను. చెలియలికట్ట యనునది ఒకచోట పాతిన సరిహద్దురాయి కాదనుటకు ఇదియే మొదటి సాక్ష్యము.

ఒండుమట్టితో ఏర్పడిన భూమికి వాలు మిక్కిలి తక్కువ. ఆ వాలు ఒడ్డుతో ఆగక నీటి క్రిందను అట్లే సాగిపోవును. కనుకనే మంగినపూడి వద్ద కడలి ఒక్కమారుగా లోతెక్కదు. కొంతదూరము మోకాటిలోతు, మఱికొంతదూరము నడుములోతు. అలలు దూరముననే విరిగి, బలము తగ్గి, ఒడ్డునకు చేరును. ఈ లోతులేనితనమును సభాసదులు జ్ఞాపకమునందుంచుకొందురు గాక. తక్కిన కథ యంతయు దానిచుట్టునే తిరుగును.

రేవు

ఈ తీరమునకు మొదట కీర్తి తెచ్చినది స్నానము కాదు, వర్తకము. బందరు అనగా పారసీక భాషలో రేవు. గోలకొండ కుతుబ్‌షాహీ ప్రభువుల కాలమున మచిలీపట్నము వారి రాజ్యమునకు ముఖ్యమైన రేవు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును ఇచట వర్తకమునకు దిగిరి. 1750లో పట్టణము ఫ్రెంచివారి వశమయ్యెను. 1759 ఏప్రిలు మాసమున ఫోర్డు అను సేనాని నాయకత్వమున ఆంగ్లేయులు రాత్రివేళ బందరుకోటపై దాడి చేసి దానిని పట్టుకొనిరి. ఈ ప్రాంతపు సన్నని వస్త్రములును, కలంకారీ అద్దకపు దుప్పట్లును పారసీక దేశమునకును, ఐరోపాకును పోయినవి.

ఇంత ప్రసిద్ధి పొందిన రేవులో పెద్ద ఓడ ఒక్కటియు ఒడ్డునకు వచ్చి నిలిచినది కాదు. లోతు లేకపోవుటచే పెద్ద ఓడలు తీరమునకు సుమారు అయిదు మైళ్ళ దూరముననే లంగరు వేయుచుండెను. సరుకును మనుష్యులను పడవలలో చేరవేయవలసి వచ్చెడిది. ఈ తీరపు పడవలకు మేకులు లేవు. పలకలను నారత్రాళ్ళతో కుట్టి చేసెడివారు. అల కొట్టినప్పుడు మేకులతో బిగించిన పడవ పగులును, కుట్టిన పడవ ఒదిగి నిలుచును. కాగితము మీద లెక్క వేయని పల్లెకారులు అనుభవముచే నేర్చిన శాస్త్రమది.

ఓడల పరిమాణము పెరిగినకొలది ఈ రేవుకు కష్టము హెచ్చెను. మద్రాసున కట్టిన ఓడరేవు, 1933లో ప్రారంభమైన విశాఖపట్టణపు రేవు వర్తకమును తమవైపునకు లాగికొనెను. రాజులు మాఱుట వలనను, యుద్ధముల వలనను బందరు కొంత నష్టపడిన మాట నిజమే. కాని మూలకారణము పాదముల క్రింది నేల. ఓడకు కావలసినది లోతు. ఆ లోతు ఈ తీరమున లేదు.

స్నానఘట్టము

ఓడకు పనికిరాని గుణమే స్నానమునకు పనికివచ్చెను. అశ్వత్థమును శనివారమునందు తప్ప, సముద్రమును పర్వదినములందు తప్ప తాకరాదని మన పెద్దలు నియమము పెట్టిరి. కార్తీక పూర్ణిమయు, మాఘ పూర్ణిమయు సముద్రస్నానమునకు ముఖ్యమైన దినములు. తీరమంతట సముద్రమే యున్నను, వృద్ధులును, స్త్రీలును, పిల్లలును భయము లేక దిగదగిన చోటు కావలయును. మంగినపూడికి జనులు వచ్చుటకు కారణము అది.

దివిసీమలో హంసలదీవికిని ఇట్టి ప్రసిద్ధియే కలదు. అచట కృష్ణ సముద్రమున కలియును. ఆ సంగమమున మునిగిన కాకి హంసయై పోయెననియు, అందుచే ఆ యూరికి ఆ పేరు వచ్చెననియు స్థలపురాణము. మాఘ పూర్ణిమనాడు అచటి వేణుగోపాలస్వామిని సేవించి సంగమస్నానము చేయుదురు. మంగినపూడియొద్ద దత్తాశ్రమమును, శివాలయమును ఉన్నవి. 1908లో గుడివాడ మీదుగా బందరునకు రైలుమార్గము వచ్చుటతో దూరగ్రామముల వారికి ప్రయాణము సులభమయ్యెను. 1929లో చిలకలపూడిలో పాండురంగస్వామి ఆలయము వెలసినది. పండరిపురపు ఆలయము వలె దానిని నిర్మించిరి. అప్పటినుండి కార్తీకోత్సవమును, మంగినపూడి స్నానమును ఒక్క యాత్రలోని రెండు భాగములైనవి. చిలకలపూడి స్టేషనులో దిగిన భక్తుడు పాండురంగని దర్శించి, తెల్లవారుజామున సముద్రమునకు పోయి, తడిబట్టలతో దీపము వదలి, బందరు లడ్డు పొట్లము కట్టించుకొని ఇల్లు చేరును.

ఎడ్లబండ్ల కాలమున ఈ యాత్ర రెండు మూడు దినముల పని. కోతలు ముగిసినవారును, ఇంక ముగియనివారును, వచ్చెడివారు. బండిక్రింద వంట, బండిమీద నిద్ర. బస్సులు వచ్చిన తరువాత యాత్ర ఒక పూటకు తగ్గెను. అటుపిమ్మట పర్వదినములతో పనిలేకుండ ఆదివారములందును, సెలవు దినములందును జనులు విహారమునకు రాజొచ్చిరి. పూర్వము పిల్లలు ఒడ్డున ఆడుకొనిన చెడుగుడు నేడు కబడ్డీ పేరుతో తీరక్రీడల పోటీ యైనది. 2025 జూన్ మాసమున మంగినపూడిలో జరిగిన మసులా తీరోత్సవమున కబడ్డీ పోటీలును, సముద్రముమీద చిన్నపడవల పందెములును జరిగినవి. ఇట్లు రేవుగా చిక్కిపోయిన తీరము స్నానఘట్టమై, క్రీడాస్థలమై మఱల జనులతో నిండెను.

మొక్కజొన్నపొత్తులు కాల్చువారికిని, బొమ్మలమ్మువారికిని, ఆటోలు నడుపువారికిని, చేపలు పట్టువారికిని దీనివలన కొంత ఆదాయము కలుగుచున్నది. ఇందు తప్పు పట్టదగినది లేదు. వచ్చినవానికి ఆనందమును, ఉన్నవానికి జీవనమును కలిగించు ఊరు మంచి ఊరే. కాని ఆ ఊరి చరిత్ర ఇంతటితో ముగియదు.

ఉప్పెన

1864 నవంబరు 1వ తేది రాత్రి బందరుమీద తుపాను విఱుచుకొని పడెను. గాలివెంట సముద్రము లేచి వచ్చెను. పోటుసమయపు మామూలు మట్టమునకు మీద 13 అడుగుల ఎత్తున నీరు పట్టణమును ముంచెత్తినదనియు, 17 మైళ్ళ దూరము లోపలికి వ్యాపించినదనియు, సుమారు 30,000 మంది మరణించిరనియు ప్రభుత్వ గ్రంథములు చెప్పుచున్నవి. శతాబ్దముల వర్తకము చేసిన పట్టణము ఒక రాత్రిలో కూలెను. మరుసటి సంవత్సరము అచటి సైన్యమును కూడ తరలించిరి.

సముద్రము ఇట్లేల లేచును? దీనిని దైవకోపమని ఊరకుండుట సులభము. కాని శాస్త్రజ్ఞులు చెప్పెడి కారణమును తెలిసికొనుట ప్రయోజనకరము. తుపాను నడిబొడ్డున వాయుపీడనము తగ్గును. ఆ కారణముచే నీరు కొంచెము పైకి ఉబుకును. కాని ఆ ఉబుకు రెండు మూడడుగులకు మించదు. మిగిలిన ఎత్తంతయు గాలి చేసిన పని. గంటకు నూరు మైళ్ళకు పైబడిన వేగముతో వీచుగాలి నీటిని ఒడ్డువైపునకు నెట్టుచుండును. లోతైన సముద్రమున నెట్టబడిన నీరు అడుగునుండి వెనుకకు మఱలిపోవును. లోతులేనిచోట అడుగున దారి యుండదు. వచ్చిన నీరు పోలేదు, వెనుకనుండి వచ్చునది ఆగదు. అప్పుడు నీరు మీదికి లేచును. ఒడ్డున మెరక లేకపోవుటచే ఆ నీరు అడ్డులేక పొలములలోనికి పాఱును. వరికళ్ళమున ధాన్యమును పారతో గోడవైపునకు త్రోసినచో గోడ దగ్గర రాశి యెట్లు లేచునో, ఇదియు నట్టిదే.

కావున సభాసదులారా, పిల్లవానిని నిర్భయముగా నీటిలో నిలుపగలిగిన వాలే ఉప్పెనను ఊరిలోనికి తెచ్చుచున్నది. ఓడను దూరముగా నిలిపిన వాలును అదే. తీరమునకు మేలును కీడును వేరువేరు మూటలుగా లేవు.

ఇంకొక విశేషము కలదు. 1864 నాటి ఉప్పెనయు, 1977 నాటి ఉప్పెనయు కార్తీకమాసముననే వచ్చినవి. పుణ్యస్నానములకు జనులు తీరమునకు పోవు కాలమును, బంగాళాఖాతమున భయంకరమైన తుపానులు పుట్టెడి కాలమును ఒక్కటియే. ఈ సంగతి పంచాంగములోని పర్వముల పట్టికలో కనబడదు.

1977 నవంబరు 19వ తేది శనివారము. దివిసీమవారికి ఆ తేదిని చెప్పనవసరము లేదు. ఆ ప్రాంతమున నేటికిని వయస్సులను, పెండ్లిండ్లను, పంపకములను ఉప్పెనకు ముందనియు, ఉప్పెనకు వెనుకననియు లెక్కించువారు కలరు. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు నాగాయలంక, కోడూరు ప్రాంతముల పల్లెలను తుడిచివేసెను. అధికార లెక్కల ప్రకారమే మృతులు సుమారు 10,000. పశువుల లెక్క అంతకు పెక్కు రెట్లు. వరికంకులు బంగారుచాయ తిరుగుచున్న పొలములపై ఉప్పునీరు నిలిచెను. తరువాత దేశమంతటినుండి సేవాసంస్థలు వచ్చి ఇండ్లు కట్టించినవి. మండలి వెంకట కృష్ణారావు మొదలగువారు పునర్నిర్మాణమునకు పాటుపడిరి. తీరమున తుపాను ఆశ్రయ భవనములు లేచినవి. మచిలీపట్నమున వాతావరణ శాఖవారి తుపాను రాడారు కేంద్రము పనిచేయుచున్నది.

వీనివలన ఫలము కలిగెనా యని అడుగువారికి 1990 సమాధానము చెప్పును. ఆ సంవత్సరము మే 9వ తేదిన కృష్ణ సంగమప్రాంతముననే మఱియొక మహాతుపాను తీరము దాటెను. బలమున అది 1977 నాటిదానికి తీసిపోయినది కాదు. కాని ముందుగా లక్షలాది జనులను తీరమునుండి తరలించిరి. మృతులు రాష్ట్రమంతటను 967. ఒక్క ప్రాణమైనను ప్రాణమే. అయినను పదివేలకును, వేయికి లోపలికిని నడుమనున్న భేదమును కల్పించినది ఇనుము కాదు, సిమెంటు కాదు. అది ముందు తెలియుటయు, తెలిసినప్పుడు కదలుటయు.

2004 డిసెంబరు 26వ తేదిన వచ్చినది వేఱొక రకపు ఆపద. అది ఆదివారము, మార్గశిర పూర్ణిమ. ఉదయము 6 గంటల 29 నిమిషములకు సుమత్రా ద్వీపము చెంత సముద్రగర్భమున భూకంపము కలిగెను. గాలి లేదు, వాన లేదు, ఆకాశము నిర్మలముగా నుండెను. రెండుగంటలకు పైగా గడచిన తరువాత నీరు ఆంధ్రతీరమును తాకెను. రాష్ట్రతీరమున నూరుమందికి పైగా మరణించిరి. కృష్ణా తీరమున మృతులలో పూర్ణిమ స్నానములకు వచ్చినవారును ఉండిరి. నడుమ గడచిన ఆ రెండుగంటలలో వార్త ఒడ్డునకు చేరియున్నచో వారు ఇండ్లకు మఱలియుందురు. అప్పటికి హిందూమహాసముద్రమున సునామీని ముందు తెలుపు ఏర్పాటు లేదు. 2007లో హైదరాబాదున అట్టి కేంద్రము ఏర్పడినది.

మంచుకొండల పల్లె

ఇట్టి చిక్కు మనకొక్కరికే కలిగినదని తలపవలదు. ముందు చెప్పిన మంచుకొండల పల్లెలలో ఒకదాని వృత్తాంతము ఇచట వినదగినది. ఆస్ట్రియా దేశపు టిరోలు ప్రాంతమున గాల్ట్యూరు అను చిన్నగ్రామము కలదు. ఎత్తు సుమారు 1,600 మీటర్లు. జనసంఖ్య వేయికి లోపు. పూర్వము వారికి పశువులే ఆధారము. చలికాలము వచ్చినచో దారులు మూసికొనిపోయి, గడ్డి పొదుపుగా వేసికొనుచు, పశువులతో ఇండ్లలో కూర్చుండెడివారు. వారికి చలికాలము కఱవుకాలము. ఇరువదవ శతాబ్దమున మంచుమీది జారుడుక్రీడలు వ్యాపించినవి. ఏ మంచు వారిని బందీలుగా చేసెనో ఆ మంచును చూచుటకే పట్టణవాసులు ధనమిచ్చి రాసాగిరి. కొండవాలు వారికి పంటపొలమయ్యెను.

1999 ఫిబ్రవరిలో అచట వారములకొలది ఎడతెగక మంచు కురిసెను. లోయలోనికి దారి మూసికొనిపోయెను. గ్రామములో ఊరివారికంటె అతిథులే ఎక్కువగా నుండిరి. 23వ తేది సాయంకాలము నాలుగు గంటలవేళ కొండమీది మంచు విరిగి గ్రామము మీదికి జారెను. 31 మంది మరణించిరి. మరునాడు సమీపమున మఱియొకచోట ఏడుగురు మరణించిరి. ఆ దేశమున ఏ స్థలము ప్రమాదకరమో చూపెడి పటములు అప్పటికే కలవు. ఎఱ్ఱరంగు వేసినచోట ఇల్లు కట్టరాదు. పసుపురంగు వేసినచోట గట్టి గోడలతో మాత్రమే కట్టవలయును. ఆనాటి మంచు ఎఱ్ఱగీతను దాటి, పసుపుగీతను దాటి, నిరపాయమని తలచిన ఇండ్లను కూడ కూల్చెను. అచటను చెలియలికట్ట తెగెను.

అటుపిమ్మట గ్రామస్థులు చేసినది గమనింపదగినది. వారు క్రీడలను మానుకొనలేదు, ఊరు విడిచిపోలేదు. పటములను తిరుగ వ్రాయించిరి. మంచు జారెడి వైపున 300 మీటర్లకు పైబడిన పొడవుగల గోడను కట్టిరి. ఆ గోడలోనే ఒక ప్రదర్శనశాలను, గ్రంథములుంచు స్థలమును అమర్చిరి. విహారమునకు వచ్చినవాడు ఆ గోడను చూడక మానడు, చూచినవాడు ఏమి జరిగెనో అడుగక మానడు. జ్ఞాపకమును దాచినచో అతిథులు భయపడి రారని వారు అనుకొనలేదు.

చేయదగిన పనులు

నేడు మంగినపూడి చరిత్రలో క్రొత్త అధ్యాయము మొదలైనది. సమీపమున తపసిపూడి వద్ద 2023 మే 22వ తేదిన ఓడరేవు నిర్మాణపు పనులు ప్రారంభమైనవి. లోతులేనిచోట యంత్రములతో త్రవ్వి లోతు కల్పించి, అలలకు అడ్డుగా రాతికట్టలు కట్టుట అందు ముఖ్యమైన పని. నాలుగువందల యేండ్లు ఓడలను దూరముగా నిలిపిన నేలను మనుష్యుడు మార్చబూనినాడు. పని సఫలమై ఈ ప్రాంతపు యువకులకు ఉద్యోగములు కలుగవలయునని అందఱును కోరుదురు. విహారస్థలము పెరిగి, బసలు పెరిగి, ఊరికి ఆదాయము కలుగుటయు కోరదగినదే.

అయితే మూడు సంగతులు మఱువరాదు.

మొదటిది: పూర్వము నది ఏటేట మన్ను తెచ్చి తీరమును పెంచుచుండెను. శ్రీశైలము, నాగార్జునసాగరము మొదలగు జలాశయములు కట్టిన తరువాత ఆ మంటిలో అధికభాగము ఎగువననే నిలిచిపోవుచున్నది. ఆ జలాశయముల వలన లక్షల ఎకరములు పండుచున్నవి, వెలుగు వచ్చుచున్నది, కాదనుటకు లేదు. కాని ఇకమీదట తీరము తనంతట తాను పెరుగునని నమ్మి యుండరాదు. డెల్టా అంచున కొన్నిచోట్ల సముద్రమే భూమిని కోసికొనుచున్నది.

రెండవది: ప్రకృతి కట్టిన కట్టలు. సంగమప్రాంతమున ఉప్పునీట పెరుగు మడచెట్లు వేళ్ళతో బురదను పట్టి యుంచి, అల బలమును చీల్చును. ఇసుకదిబ్బలును, వానిమీద పెంచిన సరుగుడు తోటలును గాలికి అడ్డు నిలుచును. లెక్క పుస్తకమున ఇవి బంజరులుగానో, పోరంబోకులుగానో కనబడును. శిస్తు లేని భూమి కనుక విలువ లేని భూమి యని తోచును. ఉప్పెన రాత్రి వాని విలువ తెలియును. సముద్రపు పోటుగీతనుండి 500 మీటర్ల వఱకు నిర్మాణములను కట్టడి చేయుచు కేంద్రప్రభుత్వము 1991లో నియమము చేసినది. ఆ నియమము తరువాత 2011లోను, 2019లోను మాఱినది. చట్టపు గీత మాఱవచ్చును. నీటికి ఆ మార్పు తెలియదు. కట్టబోవువాడు చట్టము ఎంతవఱకు అనుమతించెనో చూచుటతో తృప్తిపడక, ఆ స్థలమున 1864లోను 1977లోను నీరెంత లోతు నిలిచెనో కూడ విచారింపవలయును.

మూడవది: ఆ విచారణకు సమాధానము చెప్పగల లెక్క ఊరిలో ఉండవలయును. గ్రామములలో భూమికి లెక్క కలదు, శిస్తునకు లెక్క కలదు. ఎవని సరిహద్దు ఎన్ని గజములో తేల్చుటకు కాగితములు కలవు. కాని ఏ యింటి గోడమీద ఎన్ని అడుగుల నీరు నిలిచెనో, ఏ మెరకమీద జనులు ప్రాణములు దక్కించుకొనిరో, ఏ దారి ముందుగా మునిగెనో వ్రాసియుంచిన ఊళ్ళు అరుదు. 1977లో ఇరువదేండ్ల వయస్సువారు నేడు వృద్ధులు. వారితో ఆ లెక్క పోయినచో మఱల రాదు.

ఈ పని గ్రంథాలయమునకు తగినది. డబ్బు పెద్దగా అక్కరలేదు. ఒక గట్టి అట్ట గల పుస్తకము చాలును. పెద్దలను పిలిచి కూర్చుండబెట్టి, బడిపిల్లలచేత ప్రశ్నలు వేయించి, చెప్పినది చెప్పినట్లు తేదితోను, స్థలముతోను వ్రాయింపవలయును. ఇద్దఱు చెప్పినది కలియనిచో ఇద్దఱిదియు వ్రాయవలయును. నీరు నిలిచిన ఎత్తు నిశ్చయముగా తెలిసినచోట ఒక రాతిమీద గీత గీయించి, సంవత్సరము చెక్కించి, నలుగురు నడచుదారిలో నిలుపవలయును. తుపాను ఆశ్రయ భవనము తాళపుచెవి ఎవరియొద్ద నుండునో, ఆ భవనమునకు పోవుదారిలో ముండ్లకంపలు పెరిగెనో లేదో ప్రతి ఆశ్వయుజమాసమున చూచి రావలయును. గాల్ట్యూరు వారు గోడలో ప్రదర్శనశాల కట్టిరి. మనకు గోడ లేదు. పుస్తకమున్నది, రాయి యున్నది.

తిక్కన సోమయాజి తెలుగు చేసిన మౌసలపర్వమున ద్వారక మునిగిన కథ కలదు. అందఱును ఆ నగరము మునుగుటనే చెప్పుకొందురు. మునుగుటకు ముందు జరిగినది అంతగా చెప్పుకొనరు. శ్రీకృష్ణ నిర్యాణానంతరము అర్జునుడు ద్వారకకు వచ్చి, ఏడవనాడు బయలుదేరవలయుననియు, ఈ నగరమును సముద్రము ముంచివేయుననియు పౌరులకు ముందుగా తెలిపెను. రథములును బండ్లును సిద్ధము చేయించెను. వృద్ధులను, స్త్రీలను, బాలురను వెంటబెట్టుకొని వెడలెను. వారు వెడలినకొలది వెనుకనే సముద్రము నగరమును కప్పుచు వచ్చెను. త్రోవలో వారికి వేఱు కష్టములు కలుగకపోలేదు. అయినను నగరముతో పాటు వారు మునుగలేదు. గాండీవము పట్టిన చేతికి సముద్రమును ఆపు శక్తి లేకపోయెను. కాలము తెలిసి జనులను కదలించు శక్తి మాత్రము ఉండెను. ఆ శక్తి నేడు రేడియో వినగల ప్రతి యింటివారికిని, చేతిలో ఫోనున్న ప్రతి యువకునకును కలదు.

రాబోవు కార్తీక పూర్ణిమనాడు జనులు మంగినపూడికి పోవలయును. స్నానము చేయవలయును, దీపము వదలవలయును, పిల్లలు తీరమున ఆడుకొనవలయును. బయలుదేరుటకు ముందు ఆనాటి వాతావరణ వార్తను విని, ఒడ్డున కావలివారు చెప్పిన గీతను దాటక, ఎఱ్ఱజెండా ఎగిరిన దినమున దేవునికి ఇంటినుండియే దండము పెట్టవలయును. భగవంతుడు దానిని లోపముగా ఎంచడు.

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము గ్రామమునకు పుస్తకములను ఇచ్చి చదివించినది. ఇకమీదట గ్రామముచేత ఒక పుస్తకమును వ్రాయించుకొనును గాక. ఆ పుస్తకమున నీటిలెక్క నిలిచి, స్వర్ణోత్సవమునాటి పిల్లలు దానిని తెఱచి చూతురు గాక.